ఎంవీపీ కాలనీలో నాన్న కానుగ: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేశాక ఎటు చూసినా కూలిన మానులే. మళ్లీ మొక్కలు నాటుతున్న రోజుల్లో, ఎంవీపీ కాలనీలోని ఓ చిన్న పార్కులో నాన్న జ్ఞాపకార్థం మేమూ కానుగ మొక్క పెట్టాం. ఉప్పుగాలికి ఓర్చుకుంటుందని దాన్నే ఎంచుకున్నాం. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం కాబట్టి, వీలు కుదిరినప్పుడల్లా అమ్మను తీసుకుని రత్నాచల్ రైలు ఎక్కేస్తాను.

మార్చిలో వెళ్తే ఆకు రాలి కొమ్మలు బోసిగా ఉంటాయి. మొదటిసారి అమ్మ బెంగపడింది. ఏప్రిల్‌కల్లా లేతచిగురు తళతళలాడుతుంది, ఆ వెనకే పూత. తెలుపులో లేత ఊదా కలిసిన చిన్న చిన్న పూలు, తెల్లారేసరికి చెట్టు కింద పేలాలు చల్లినట్టు రాలి ఉంటాయి. ఉక్కపోత మాట నిజమే, అయినా నా ఓటు ఆ రోజులకే. ఉదయం ఆరింటికల్లా వెళ్లండి, తేనెటీగల రొద వినిపిస్తుంది. వానాకాలంలో నీడ చిక్కగా ఉంటుంది. ఆకుల మీద బుడిపెలు కనిపిస్తే కంగారు పడొద్దు, కంటికి ఆనని నల్లి వల్ల వస్తాయి, కానుగకు అది మామూలే. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం వాయుగుండం అన్న మాట వింటే చాలు, మాకు టెన్షన్. డిసెంబరు, జనవరిల్లో అరకు వెళ్లేవాళ్ల రద్దీతో గదుల రేట్లు పెరుగుతాయి.

బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గది బాగుంటుంది కానీ, మా పనికి అంత ఖర్చు దండగ. స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో దిగితే లిఫ్టు పనిచేయక, మోకాళ్ల నొప్పులతో అమ్మ మూడంతస్తులు ఎక్కాల్సి వచ్చింది. రిసెప్షన్‌లో అడిగితే సరైన జవాబే లేదు. అప్పటినుంచీ ఎంవీపీలోనే సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటున్నాం. ఆటో బేరాల్లేవు, అమ్మ నడిచే వెళ్లగలదు, రైతుబజార్ చుట్టుపక్కల టిఫిన్‌కు లోటు లేదు.

ఇలా మొక్క పెట్టినవాళ్లకు ఓ మాట. మాను లావెక్కాక ట్రీగార్డు తీయించండి. మా కానుగకు ఇనుప ఊచ బెరడులోకి దిగిపోయింది. పార్కు తోటమాలి ఓపిగ్గా కోసి తీశాడు, ఆ గాటు ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది. పేరు రాయించిన రేకు కూడా సముద్రగాలికి తుప్పు పట్టింది. దాని బదులు నల్లరాతి పలక చెక్కించి, వేళ్లు తగలకుండా కాస్త ఎడంగా నేలలో పాతించాం.