పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 10 ఉంచాలా, లినక్స్ మింట్ వేయాలా?

కావలిలో మా చెల్లెలి ల్యాప్‌టాప్‌ది 4 జీబీ ర్యామ్, అరిగిపోయిన పాత హార్డ్‌డిస్క్. ఆన్ చేసి టీ పెట్టుకొచ్చినా డిస్క్ లైటు మినుకుమినుకుమంటూనే ఉండేది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఈ ల్యాప్‌టాప్‌లో లేదు.

విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్. అందులో తేలికపాటి రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే 2 జీబీ ర్యామ్‌తోనే నడుస్తుంది, 4 ఉంటే హాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంది. ట్యాలీతోనో, అను ఫాంట్లు వేసుకుని పేజ్‌మేకర్‌తోనో బతుకుతెరువు ఉన్నవాళ్లు మాత్రం విండోస్‌లోనే ఉండండి, అవి దాని కోసం చేసినవే.

చెల్లెలికి బ్రౌజరు, లిబ్రేఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) చాలు. మింటే వేశాను. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ నొక్కే ముందు పిల్లల ఫొటోలన్నీ వేరేచోటికి కాపీ చేశాం.