ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానం: ఆట తెలిసిన గొంతులు, ఆగని మాటలు

నెల్లూరులో మా ఇంట ఐపీఎల్ రోజుల్లో రిమోట్ నాన్నగారిదే, ఆయన పెట్టేది తెలుగు వ్యాఖ్యానం వచ్చే ఛానలే. ఇంగ్లిషు అర్థం కాక స్కోరు మాత్రమే చూసి ఊరుకునే నాయనమ్మ ఇప్పుడు డీప్ మిడ్‌వికెట్‌లో మనిషిని ఎందుకు పెట్టారో అడగకుండానే మాకు చెబుతున్నారు.

ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు వంటి మాజీ ఆటగాళ్లు మైకు ముందున్నప్పుడు ఈ వ్యాఖ్యానానికి బరువు వస్తుంది. భారత జట్టుకు ఆడినవారు మన తీరప్రాంతపు యాసలో ఆట విప్పి చెప్పడం నిజంగా ముచ్చటే. చిక్కంతా వారి పక్కన కూర్చుని మాట నడిపించేవారితోనే. బంతి గాలిలో ఉండగా ప్రాసలు, క్యాచ్ పట్టాక సినిమా డైలాగులు, ఓవరు ముగిసీ ముగియకముందే మరో చమత్కారం. స్టేడియంలో జనం హోరు వినిపించే వ్యవధే ఉండదు.

ఈ పనిలో హర్షా భోగ్లేను విన్నవారికి ఆ లోటు మరీ తెలుస్తుంది. 1961లో హైదరాబాదులో మరాఠీ కుటుంబంలో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు, అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజ్‌మెంటు చదివిన ఆయన, 19 ఏళ్లకే ఆకాశవాణిలో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే, 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియాలో పర్యటించినప్పుడు అక్కడి ఏబీసీ రేడియోలో మాట్లాడారు. 1995 నుంచి ఈఎస్‌పీఎన్ ద్వారా టీవీ ప్రేక్షకులకు దగ్గరయ్యారు. 2016 ఐపీఎల్‌కు ముందు తప్పించినా మళ్లీ కామెంటరీ బాక్స్‌లోకి వచ్చారు. చూడలేని శ్రోతకు మైదానమంతా చెప్పాల్సిన రేడియోలో పెరిగినవాడు కనుకనే, టీవీలో తెర చూపిస్తున్నదాన్ని మళ్లీ చెప్పరు. పక్కనున్న మాజీ ఆటగాడిని ఒక చిన్న ప్రశ్న అడిగి తాను తప్పుకుంటారు. మనవాళ్లు నేర్చుకోవలసింది ఆ ప్రశ్న అడగడమే.

ఫోనులో చూసేవారికి మరో ఇబ్బంది: ప్రసారం కేబుల్ కంటే వెనకబడి వస్తుంది కనుక, వికెట్ పడిన సంగతి పక్కింటివారి కేకతోనే ముందు తెలిసిపోతుంది. టీవీలోనే చూడడం మేలు.

అయిదుకు మూడు మార్కులు ఇస్తాను, అదీ క్రికెట్‌కు. ఇదే ధోరణి ప్రో కబడ్డీలో నాకు అడ్డుగా తోచలేదు. 30 సెకన్లలో ముగిసే కూతకు ఊపిరాడని మాటలే సరిపోతాయి.