ట్రోపికో 6 సమీక్ష: ద్వీపాన్ని ఏలే కుర్చీ ఉంది, దాన్ని నిలదీసే సభ లేదు

కరేబియన్ సముద్రంలో ఉన్నట్టు ఊహించిన ట్రోపికో అనే ద్వీపదేశానికి అధినేతగా కూర్చుని పాలన సాగించే కంప్యూటర్ గేమ్ పరంపర 2001లో మొదలైంది. అందులో ఆరో భాగాన్ని జర్మనీకి చెందిన లింబిక్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారు చేయగా, కాలిప్సో మీడియా 2019లో విడుదల చేసింది. నగర నిర్మాణపు గేమ్‌గా దీని గుణదోషాలను ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి రోడ్ల గురించి, బొమ్మల నాణ్యత గురించి నేను ఎక్కువగా చెప్పబోవడం లేదు. ఒక చిన్న దేశాన్ని నడిపే అత్యున్నత పదవి ఎలా ఉంటుందో, దాని బరువు ఎవరి మీద పడుతుందో, ఆ పదవిలో ఉన్నవారు ఎవరికి జవాబు చెప్పుకోవాలో ఈ గేమ్ ఎంతవరకు చూపగలిగిందన్నదే ఇక్కడ నా ప్రశ్న. అందులో సగానికి ట్రోపికో 6 చాలా గొప్పగా జవాబిచ్చింది. మిగిలిన సగం జోలికే పోలేదు.

ముందు మెచ్చుకోవలసిన సంగతి చెబుతాను. ఈ ద్వీపంలో దారిన పోతున్న ఏ మనిషి మీద నొక్కినా ఆ మనిషి పేరు, కుటుంబం, చదువు, చేసే పని, ఉండే ఇల్లు, మొగ్గే రాజకీయ వర్గం తెర మీదికి వస్తాయి. తిండి, వైద్యం, వినోదం, మత విశ్వాసం, ఇల్లు, ఉద్యోగం, నేరాల నుంచి రక్షణ, స్వేచ్ఛ అనే విషయాల్లో ఆ మనిషి ఎంత తృప్తిగా ఉన్నాడో విడివిడిగా తెలుస్తుంది. ఎన్నికల నాడు అతని ఓటు ఎటు పడుతుందో తేల్చడంలో ఈ తృప్తిదే పెద్ద పాత్ర. జనాభాను ఒక అంకెగా చూపించి, ఆ అంకె పెరిగితే గెలిచినట్టు చెప్పే గేములు కోకొల్లలుగా ఉండగా, ప్రతి పౌరుణ్నీ ఇలా పేరుతో సహా పాలకుడి ముందు నిలబెట్టిన గేములు చాలా తక్కువ.

దీని వల్ల కలిగే ఫలితం ఆడేటప్పుడే అర్థమవుతుంది. ఆరో భాగంలో దేశమంతా ఒకే దీవిగా ఉండనవసరం లేదు. కొన్ని దీవులు కలిసి ఒక దేశమవుతాయి. నేల సారం చూసి ఒక దీవిలో చెరకు వేయిస్తాము, రమ్ము కర్మాగారాన్ని ఖాళీ ఉన్న మరో దీవిలో కడతాము, ఇళ్లు మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతాయి. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంటుంది, కానీ కర్మాగారం నుంచి సరుకు అనుకున్నంత రాదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక కార్మికుడి వెంటే పోయి చూస్తే, అతని రోజులో పెద్ద భాగం ఇంటి నుంచి పనికి, పని నుంచి దుకాణానికి, అక్కడి నుంచి ఇంటికి నడవడంలోనే పోతోందని తేలుతుంది. అప్పుడు బస్సులు, వంతెన, కర్మాగారం పక్కన ఇళ్లు అన్నీ ఒక్కసారిగా అవసరమవుతాయి. ఇళ్లు కట్టిస్తే సరిపోదు, వాటి అద్దె భరించగలిగే కూలి కూడా రావాలి. రాకపోతే జనం ఆ కొత్త ఇళ్లను ఖాళీగా వదిలేసి పక్కనే గుడిసెలు వేసుకుంటారు. మంత్రి కార్యాలయంలో తీసుకున్న నిర్ణయం ఒక కూలీ నడిచే దూరంగా ఎలా మారుతుందో ఇంత స్పష్టంగా చూపించిన మరో గేమ్ నాకు తెలియదు. పాలనాశాస్త్రం చదివే విద్యార్థులు ఈ ఒక్క కారణంతోనైనా దీన్ని ఆడి చూడాలని నా అభిప్రాయం.

కాలక్రమాన్ని కూడా ఆలోచించి పెట్టారు. వలస కాలంలో మనం రాజు నియమించిన గవర్నరు మాత్రమే. గడువు దాటకుండా రాజు చెప్పిన పనులు చేస్తూ, లోలోపల విప్లవకారులను కూడగట్టుకుని స్వాతంత్ర్యం ప్రకటించుకోవాలి. ఆ తర్వాత ప్రపంచ యుద్ధాలు, ప్రచ్ఛన్న యుద్ధం, ఆధునిక యుగం వరుసగా వస్తాయి. స్వాతంత్ర్యం రాగానే రాజ్యాంగం రాసుకోవాలి, కానీ ఆ రాజ్యాంగం కొన్ని అంశాల కింద ఇచ్చిన ఎంపికల్లో ఒకదాన్ని గుర్తు పెట్టడంతో ముగిసిపోతుంది. అధికారానికి హద్దులు గీయవలసిన పత్రం ఇక్కడ అధినేత చేతిలోని మరో పనిముట్టుగా మిగలడం నాకు నచ్చలేదు.

ఎన్నికల దగ్గర గేమ్ మళ్లీ కోలుకుంటుంది. ప్రచార ప్రసంగంలో ఏ సమస్య గురించి మాట్లాడాలో, ఎవరిని పొగడాలో, తప్పు ఎవరి మీద మోపాలో, ఏ హామీ ఇవ్వాలో మనమే ఎంచుకుంటాము. ఇళ్ల సమస్య తీరుస్తానని మాట ఇచ్చి, గెలిచాక ఆ మాట నిలుపుకోకపోతే తర్వాతి ఎన్నికల్లో దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది. ఓడితే ఆట ముగుస్తుంది. ఎన్నికలే వద్దని తోసిపుచ్చే వీలు ఉంది గాని, అలా చేసిన పాలకుడి మీద జనం అసంతృప్తి పెరుగుతుంది, అది ముదిరితే కొందరు ఆయుధాలు చేపడతారు.

ఇక లోటు గురించి. ఎన్నికకూ ఎన్నికకూ మధ్య ఈ ద్వీపంలో పాలకుణ్ని నిలబెట్టి అడిగే వ్యవస్థ ఏదీ లేదు. శాసనసభ లేదు, ప్రతిపక్ష నాయకుడు లేడు, రాజీనామా చేసి ప్రభుత్వాన్ని పడగొట్టగల మంత్రులు లేరు. పెట్టుబడిదారులు, కమ్యూనిస్టులు, మతవాదులు, సైనికవాదులు, పర్యావరణవాదులు వంటి వర్గాలు ఉన్నాయి, వాటి కోరికలు ఉన్నాయి, కానీ అవి కూర్చుని ఓటు వేసే చోటు లేదు. లాటిన్ అమెరికా నియంతల నమూనా మీద అల్లిన గేమ్ కాబట్టి అధ్యక్షుడే సర్వస్వం కావడం సహజమని అనవచ్చు. అయితే అదే సముద్రంలో బ్రిటిష్ పాలన నుంచి బయటపడిన జమైకా, బార్బడోస్ వంటి దీవులు ప్రధానమంత్రి పదవిని ఎంచుకున్నాయి. 1962లో స్వతంత్రమైన జమైకాలో దిగువసభలో అధిక సంఖ్యాకుల విశ్వాసం ఉన్నంతవరకే ఆ కుర్చీ నిలుస్తుంది. 2018లో బార్బడోస్‌లో మియా మోట్లీ నాయకత్వంలోని పార్టీ మొత్తం 30 స్థానాలూ గెలుచుకుంది; సభలో ప్రతిపక్షమే లేని ఆ పరిస్థితిలో గెలిచిన పార్టీ నుంచే జోసెఫ్ ఆథర్లీ అవతలి వైపుకు వెళ్లి ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు.

హిందూ మహాసముద్రంలోని మారిషస్ ఇంకా పెద్ద పాఠం. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పనిచేసిన తెలుగువారి సంతతి అక్కడ నేటికీ ఉంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1982 ఎన్నికల్లో అక్కడి ప్రధాన దీవిలోని 60 స్థానాలనూ ఒకే కూటమి గెలుచుకుంది. అంతటి విజయం సాధించిన ప్రభుత్వం ఏడాది తిరగకుండానే లోపలి నుంచి చీలిపోయి, 1983లో మళ్లీ ఎన్నికలకు వెళ్లవలసి వచ్చింది. ట్రోపికోలో ఇలాంటిది జరగడానికి దారే లేదు. జనం తృప్తిగా ఉన్నంతకాలం అధినేతకు ఎదురు ఉండదు, పక్కన కూర్చున్నవాడి అసమ్మతి అన్న మాటే రాదు. నిజమైన ద్వీపదేశాల్లో అందరూ అందరికీ తెలిసినవారే కాబట్టి ఆ అసమ్మతే రాజకీయానికి ప్రాణం. వర్గాలను పార్టీలుగా, అధినేత జారీ చేసే ఫర్మానాలను సభలో నెగ్గవలసిన బిల్లులుగా మార్చి ఉంటే ఈ గేమ్ ఎంత లోతుగా ఉండేదో అని ఆడుతున్నంతసేపూ బాధ కలిగింది.

మరొక అభ్యంతరం ఉంది. దేశ ఖజానాతో పాటు అధినేతకు స్విస్ బ్యాంకులో సొంత ఖాతా ఉంటుంది, దాన్ని నింపుకోవడం ఆటలో మామూలు పనిగా సాగిపోతుంది. దళాలను పంపి ఇతర దేశాల కట్టడాలను ఎత్తుకు రావచ్చు. ఇవి వ్యంగ్యంగా పెట్టినవని తెలుసు. అయినా ఇంటి అద్దె కట్టలేని పౌరుణ్ని అంత శ్రద్ధగా చూపించిన గేమ్, ఈ దొంగసొమ్ము ఆ పౌరుడికి ఎంత నష్టం చేసిందో కూడా అంతే శ్రద్ధగా చూపించి ఉండవలసింది.

కొనేవారికి రెండు మాటలు. ముందుగా శిక్షణ భాగాన్ని పూర్తిచేసి, తర్వాత మిషన్ల (ఇచ్చిన లక్ష్యాలను సాధించవలసిన ఆటల) జోలికి వెళ్లడం మంచిది, ఎందుకంటే కొన్ని మిషన్లు మొదటి నుంచే కఠినంగా ఉంటాయి. సొంత ద్వీపాన్ని తీరిగ్గా కట్టుకునే శాండ్‌బాక్స్ పద్ధతిలోనే నాకు ఎక్కువ ఆనందం దొరికింది. చదవవలసిన వచనం చాలా ఉంటుంది, తెలుగులో మాత్రం లేదు, కాబట్టి ఇంగ్లీషు చదవడం ఇంకా అలవాటు కాని పిల్లలకు పక్కన ఒక పెద్దవారు కూర్చోక తప్పదు. నగర నిర్మాణం ఇష్టపడేవారికి దీన్ని సందేహం లేకుండా సూచిస్తాను. పార్లమెంటు రాజకీయాల కోసం వెతికేవారు మాత్రం ఇందులో అవి దొరకవని తెలుసుకునే కొనాలి.