దసరా సెలవులకి క్రాబీ ప్యాకేజీ తీసుకుంటున్నారా? డబ్బులు కట్టేముందు ఒరిజినల్ వోచర్ అడగండి

దసరా సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు ఇన్‌స్టాలో థాయ్‌లాండ్‌లోని క్రాబీకి ప్యాకేజీల యాడ్స్ మొదలైపోతాయి, హైదరాబాద్ నుంచి దానికి దగ్గర్లోని ఫుకెట్‌కి డైరెక్ట్ ఫ్లైట్ పడ్డాక ఇంకా ఎక్కువయ్యాయి. అందుకే ఇది రాస్తున్నా. మమ్మల్ని మోసం చేసిన ఏజెంట్ పేరు అడగొద్దు, కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి చెప్పను, పైగా ఇలాంటోళ్ళు పేజీ పేరు మార్చుకుని మళ్ళీ వచ్చేస్తారు. ఎలా చేశాడో తెలుసుకుంటే చాలు.

సెప్టెంబర్ ఆఖర్లో వెళ్ళాం, అత్తయ్యగారు, మావయ్యగారు, మా బావమరిది వాళ్ళు, మేము. ముందే చెప్తున్నా, ఊరితో నాకు ఏ పేచీ లేదు. మేం దిగిన ఆవ్ నాంగ్ (క్రాబీలో బీచ్ ఊరు) ఒకప్పుడు జాలర్ల పల్లె, ఇప్పుడు బీచ్ రోడ్డు పొడుగునా మసాజ్ షాపులూ మన ఇండియన్ రెస్టారెంట్లూనే అనుకోండి, అయినా ఒడ్డున నిలబెట్టిన లాంగ్‌టెయిల్ బోట్లు (అక్కడి పొడుగాటి చెక్క పడవలు), ఎదురుగా సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు చూస్తే అవన్నీ మర్చిపోతాం. పేచీ అంతా ఇక్కడ మనకి ప్యాకేజీ అమ్మినవాడితోనే.

వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లో ఏముందంటే, ఆల్ ఇంక్లూజివ్, ఫీఫీ ఐలాండ్స్ విత్ మాయా బే స్విమ్మింగ్ (మాయా బే అంటే ఫీఫీ దీవుల్లో పేరున్న బీచ్), ఫోర్ ఐలాండ్స్ టూర్, ఎంట్రీ ఫీజులు, ఇండియన్ లంచ్, అన్నీ కలిపే. మరి అక్కడ జరిగింది వినండి. ఫీఫీకి స్పీడ్ బోట్ ఎక్కడానికి నోప్పరత్ తారా పియర్‌కి (బోట్లు ఎక్కే రేవు) తీసుకెళ్ళారు, అక్కడ ఒకమ్మాయి ప్యాడ్ పట్టుకుని పేర్లు టిక్ పెట్టుకుంటూ వచ్చి మనిషికి 400 బాట్ (థాయ్ కరెన్సీ), పిల్లలకి 200 కట్టమంది, నేషనల్ పార్క్ ఫీజు. ఆల్రెడీ ఇచ్చేశాం అని మా పీడీఎఫ్ చూపిస్తే ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా తన దగ్గరున్న కాగితం తిప్పి చూపించింది. మా పీడీఎఫ్‌లో ఉన్న వోచరే (బోటు కంపెనీ ఇచ్చే బుకింగ్ కాగితం), అదే బుకింగ్ నంబర్, కానీ కింద రెండు లైన్లు ఎక్స్‌ట్రా ఉన్నాయి. ఒకటి, నేషనల్ పార్క్ ఫీజు ఇందులో లేదు. రెండోది, ఆగస్ట్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాయా బే మూసి ఉంటుంది. మా ఏజెంట్ మహానుభావుడు ఆ రెండు లైన్లూ కత్తిరించేసి ఆ జాగాలో వాడి లోగో వేసుకున్నాడు! ఆ లోగో అంచు కింద ఒక అక్షరం సగం కనబడుతోంది కూడా, ఎడిటింగ్ కూడా సరిగ్గా రాదు.

అక్కడ్నుంచే ఫోన్ చేశా. "సార్ అది థాయ్ గవర్నమెంట్ సడన్‌గా క్లోజ్ చేసింది సార్, మా చేతిలో ఏం లేదు సార్" అంటాడు. సడన్‌గా ఏంటండీ, టూరిస్టుల తాకిడికి అక్కడి కోరల్స్ పాడైపోతే 2018 జూన్‌లో మూసేసి మళ్ళీ 2022 జనవరిలో తెరిచారు, అప్పట్నుంచి కోలుకోవడానికని ఏటా ఆగస్ట్, సెప్టెంబర్ రెండు నెలలూ మూస్తూనే ఉన్నారు. ఇంకో మాట, తెరిచి ఉన్నప్పుడు కూడా అక్కడ ఈత కొట్టనివ్వరు, బోట్లని బే లోపలికి రానివ్వరు, దీవి వెనకవైపు "లో సామా" అనే చోట దింపితే అక్కడ్నుంచి నడిచి వెళ్ళాలి. కాబట్టి "మాయా బే స్విమ్మింగ్" అని ఏ నెలలో అమ్మినా అది అబద్ధమే, సెప్టెంబర్‌లో అమ్మితే డబుల్ అబద్ధం. ఈ ఒక్క లైన్ మీ పీడీఎఫ్‌లో కనబడితే మిగతాది చదవక్కర్లేదు, ఆ ఏజెంట్‌ని వదిలేయండి.

ఇక సీజన్ గురించి కూడా ఎవడూ చెప్పడు. క్రాబీ, ఫుకెట్, ఫీఫీ ఇవన్నీ అండమాన్ సముద్రం వైపు, అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా వానాకాలం, అందులో సెప్టెంబర్, అక్టోబర్ మరీ ఎక్కువ. అలల మీద స్పీడ్ బోట్ అంటే గుంతల రోడ్డులో షేర్ ఆటో ముందు సీటే, మావయ్యగారి నడుం పట్టేసి మర్నాడంతా రూమ్‌లోనే ఉన్నారు. గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు కూడా, ఆపేస్తే రీఫండా ఇంకో రోజుకి మారుస్తారా అన్నది ముందే రాయించుకోవాలి. దసరా సెలవులకే వెళ్ళాలి, థాయ్ ఐలాండ్సే చూడాలి అనుకుంటే అవతల వైపు గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో కో సమూయి అనే దీవి ఉంది, అక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో పడతాయి, సెప్టెంబర్‌లో దానితో పోలిస్తే నయం. మా ఏజెంట్‌ని సమూయి గురించి అడిగితే "అక్కడ ఏం లేదు సార్" అన్నాడు, మార్జిన్ లేదేమో మరి.

ఫోర్ ఐలాండ్స్ కథ ఇంకోటి. యాడ్‌లో సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక దారి మీద జనం ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడుస్తుంటారే, దాన్ని తలే వేక్ అంటారు, కో టబ్, కో మోర్ దీవుల దగ్గర. నీళ్ళు తీసినప్పుడే అది బయటపడుతుంది, పోటు మీద ఉంటే ఇసుకా లేదు దారీ లేదు. పోటు, ఆటు టైమ్ రోజుకి దాదాపు యాభై నిమిషాలు జరుగుతూ ఉంటుంది కాబట్టి ఏ రోజు ఏ పూట వెళ్ళాలో టైడ్ టేబుల్ చూసి బుక్ చెయ్యాలి, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. మమ్మల్ని పోటు మీదున్నప్పుడు తీసుకెళ్ళారు. మా బావమరిది పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని నడుం లోతు నీళ్ళలో నిలబడి "ఏదీ దారి?" అంటున్నాడు, గైడేమో నవ్వి నీళ్ళలోకి వేలు చూపిస్తున్నాడు. ఇండియన్ లంచ్ అన్నది ఫ్రైడ్ రైస్, అందులో ఫిష్ సాస్. అత్తయ్యగారు అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. (శాకాహారులు వెళ్తే "జే" అనే మాట గుర్తుపెట్టుకోండి, మాంసం, చేప, గుడ్డు ఏదీ లేకుండా ఇస్తారు. వెజ్ అని ఊరుకుంటే ఫిష్ సాస్ వేసేస్తారు.)

డబ్బుల దగ్గర ఇంకో రెండు లాగాడు. అరైవల్ కార్డ్ ప్రాసెసింగ్ అని మనిషికింత అని వసూలు చేశాడు, ఆ టీడీఏసీ (థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్) అనేది 2025 మే 1 నుంచి పెట్టారు, థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్‌లో పూర్తిగా ఫ్రీ, దిగేముందు మూడు రోజుల్లోపు మనమే ఫోన్‌లో నింపుకోవచ్చు. డబ్బులడిగే సైట్లు గూగుల్‌లో పైనే కనబడతాయి, వాటితో కూడా జాగ్రత్త. రెండోది టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేటప్పుడే ఏజెంట్ మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను. ఫారిన్ టూర్ ప్యాకేజీకి టీసీఎస్ తీసుకోవడం రూలే, కాదనట్లేదు, కానీ అది మన పాన్ మీద కట్టాలి, మన పాన్ మీద కట్టిన పన్నులు చూపించే ఫామ్ 26ఏఎస్‌లో కనబడాలి, రిటర్న్ వేసేటప్పుడు మన ట్యాక్స్‌లో సర్దుకోవచ్చు. నెలలు గడిచాక మా బావమరిది తీసి చూస్తే అక్కడ ఏం లేదు. అంటే ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్ళినట్టు?

అక్కడి బోటు వాళ్ళని మాత్రం ఒక్క మాట అనలేను. ఆవ్ నాంగ్ బీచ్ మీదే లాంగ్‌టెయిల్ టికెట్ కౌంటర్లు ఉన్నాయి, రేట్లు బోర్డు మీద రాసే ఉంటాయి, రైలే బీచ్‌కి మనిషికి ఒకవైపుకి 100 బాట్ చొప్పున ఇచ్చి వెళ్ళొచ్చాం, ట్రిప్ మొత్తంలో మోసం లేని పూట అదే. హాంగ్ ఐలాండ్ కూడా అక్కడే మాట్లాడుకోవచ్చు, దానికి పార్క్ ఫీజు వేరే 300 బాట్ ఉంటుంది, అది వాళ్ళు ముందే చెప్తారు. అక్కడి షాపులో తీసుకుంటే టీఏటీ (థాయ్ టూరిజం శాఖ) లైసెన్స్ నంబర్ గోడకి ఉందో లేదో చూడండి, తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ 1155.

ఇక్కడ్నుంచే బుక్ చేసుకుంటాం అనేవాళ్ళు ఏజెంట్ లోగో ఉన్న పీడీఎఫ్ తీసుకోకండి, అక్కడ బోటు నడిపే కంపెనీ ఇచ్చిన వోచర్ ఉన్నదున్నట్టు పంపమనండి. తర్వాత పంపిస్తా, సిస్టమ్‌లో జనరేట్ అవ్వాలి అంటే అడ్వాన్స్ ఇవ్వకండి. పార్క్ ఫీజు ఉందా లేదా, మాయా బే ఆ తారీఖుకి తెరిచి ఉందా, బోటు ప్రైవేటా షేరింగా, బోట్లు ఆపేస్తే ఏంటి, వీటికి జవాబులు ఫోన్‌లో కాదు, చాట్‌లోనే తీసుకోండి. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు మాకు పనికొచ్చింది ఆ చాటూ, పియర్ దగ్గర తీసుకున్న ఒరిజినల్ వోచర్ ఫోటోనూ.

నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం. దానికి మా ఏజెంట్ జవాబు, గుడ్‌విల్ కింద నెక్స్ట్ ట్రిప్ బాలీకి డిస్కౌంట్ కూపన్ ఇస్తాడట, అందులో కూడా "ఆల్ ఇంక్లూజివ్" అనే రాశాడు. కూపన్ వద్దు, పార్క్ ఫీజు, అరైవల్ కార్డ్ డబ్బులు, టీసీఎస్ మూడూ లెక్క కట్టి వెనక్కివ్వమని రాసి పంపాం. ఇంకా ఉలుకూ పలుకూ లేదు.