లక్షన్నర కిలోమీటర్ల బండి, స్టీరింగ్‌లో చప్పుడు, మూడు షెడ్లు

నాది 2012 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. 2016లో 52 వేల కిలోమీటర్ల మీద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు మీటరు 1,46,000 దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయేవి ఆ వయసులో ఏ బండికైనా వచ్చే జబ్బులే, పైగా మా గుంటూరు సందుల్లో గుంతలు తవ్వింది కంపెనీవాళ్లు కాదు. ఇంజన్ ఇప్పటికీ బాగుంది, ఏసీ బాగుంది. నన్ను తిప్పలు పెట్టినవి ముందు చక్రాల దగ్గరి చప్పుళ్లే.

2022లో మొదట కనిపెట్టింది మా అమ్మ. ఇంటి ముందు రివర్స్ తీస్తుంటే "ఏంట్రా, కింద ఎవరో బిందె మీద కొట్టినట్టుంది" అంది. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే 'డంగ్' అని ఒక్క దెబ్బ. హైవే ఎక్కితే ఏమీ ఉండదు. దానికి తోడు చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే కటకటమని ఇంకో చప్పుడు. అవి రెండు వేర్వేరు చప్పుళ్లని నాకు అప్పుడు తెలియదు. "స్టీరింగ్‌లో సౌండ్ వస్తోంది" అని మెకానిక్‌కి ఒక్క ముక్కలో చెప్పాను. నా డబ్బు పోయింది అక్కడే.

మొదట ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను. సాయంత్రానికి ఎస్టిమేట్ వచ్చింది: స్టీరింగ్ ర్యాక్ (మనం స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తిప్పే భాగం) మొత్తం మార్చాలి, 41 వేలు. ఏం చూసి చెప్పారని అడిగితే "సిస్టమ్‌లో అలాగే ఉంది సార్" అన్నారు. బండి వెనక్కి తెచ్చుకున్నాను. తర్వాత ఇంటి దగ్గరి షెడ్డుకి పోతే అతను బానెట్ ఎత్తి "స్టీరింగ్ ఆయిల్ తగ్గినట్టుంది, పోద్దాం" అన్నాడు. నాది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. అందులో ఆయిలే ఉండదు, పోయడానికి డబ్బా కూడా ఉండదు! ఆయిల్‌తో నడిచే పాత హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే ఆయిల్ తగ్గినప్పుడు, చివరిదాకా తిప్పితే కుయ్యిమని మూలుగుతుంది. ఆ మాట విన్నాక ఆ షెడ్డులో ఇంకేమీ ముట్టుకోనివ్వలేదు. నిజం చెప్పాలంటే అది కూడా అప్పటికి వారం ముందే చదివి తెలుసుకున్నాను, లేకపోతే పోయించేవాణ్ణే.

రెండో షెడ్డతను కొంత నయం. లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్లు) అరిగాయని రెండూ మార్చాడు, 2,600 అయింది. గతుకుల మీద కటకట పోయింది. డంగ్ మాత్రం అలాగే ఉంది. "అది ర్యాక్‌లోంచే సార్, ఇంక మార్చాల్సిందే" అన్నాడు.

ఆఫీసులో ఒకాయన చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దాటిన మనిషి, బోర్డు కూడా సరిగ్గా లేని చిన్న షెడ్డు. బానెట్ ఎత్తలేదు. "ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఆగి ఉన్నప్పుడా, కదులుతున్నప్పుడా? ఒక్కసారే కొడుతుందా, వరసగానా? చేతికి తెలుస్తుందా, చెవికేనా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్నలు అడిగిన మొదటి మెకానిక్ ఆయనే. తర్వాత పక్కన కూర్చుని ఓ రౌండు తిప్పించాడు. వచ్చాక నన్ను స్టీరింగ్ తిప్పమని, తాను చక్రం పక్కన కూర్చుని సస్పెన్షన్ స్ప్రింగ్ మీద అరచెయ్యి ఆనించాడు. నాలుగోసారికి నవ్వి, "దిగి నువ్వు పెట్టు, చెయ్యి పైన ఆనించు చాలు, వేళ్లు మాత్రం లోపలికి పోనీకు" అన్నాడు. హెల్పర్ కుర్రాడు స్టీరింగ్ తిప్పాడు. స్ప్రింగ్ కాసేపు బిగుసుకుని, ఒక్కసారిగా జారి ఎగిరింది. డంగ్!

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను. షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండేదాన్ని స్ట్రట్ అంటారు, దాన్ని పైన బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్‌లో ఒక బేరింగ్ ఉంటుందట. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దాని మీదే తిరగాలి. అది తుప్పు పట్టి బిగుసుకుంటే స్ప్రింగు మెలిపడి, తట్టుకోలేక ఒక్కసారిగా జారి ఎగురుతుంది. ర్యాక్‌కి ఏ సంబంధమూ లేదు. అయినా జాక్ ఎక్కించి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశాడు. అలా ఊపినప్పుడు వదులుగా ఆడితే టై రాడ్ ఎండో, ర్యాక్ ఎండో (ర్యాక్‌ని చక్రానికి కలిపే జాయింట్లు) పోయినట్టు. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింటో (చక్రాన్ని కింది ఆర్మ్‌కి పట్టి ఉంచేది), వీల్ బేరింగో. నా బండిలో ఏదీ ఆడలేదు. "ఇవి ఆడుతుంటే మాత్రం రేపు మాపు అనుకోవద్దు, లింక్ రాడ్ చప్పుడుతో ఆర్నెల్లు తిరగొచ్చు, వీటితో తిరక్కూడదు" అన్నాడు.

పార్టులు నన్నే తెచ్చుకోమన్నాడు. ఇక్కడ నేను కక్కుర్తి పడ్డాను. ఒరిజినల్ మౌంట్లు, బేరింగులు రెండు వైపులా కలిపి 3,400, డూప్లికేట్ 1,300. డూప్లికేట్ కొన్నాను. బాబాయ్ చూసి ఏమీ అనలేదు, మూతి మాత్రం విరిచాడు. తొమ్మిది నెలల్లో డంగ్ మళ్లీ వచ్చింది. మళ్లీ స్ట్రట్ దింపాలి, మళ్లీ 1,500 లేబర్, స్ట్రట్ దింపితే అలైన్‌మెంట్ (చక్రాల కోణం) చెదురుతుంది కాబట్టి మళ్లీ దానికి 500. ఈసారి ఒరిజినల్ వేయించాను. రెండేళ్లు దాటింది, ఇంతవరకు చప్పుడు లేదు.

2024లో ఇంకోటి. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బాగా తిరిగే మలుపుల్లో టక్ టక్ టక్ అని వరసగా, చక్రంతో పాటు లెక్కపెట్టినట్టు. ఇది ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే యాక్సిల్‌కి చక్రం వైపు ఉండే బయటి జాయింట్. దాని రబ్బరు బూట్ చిరిగి గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి ఉందని అలైన్‌మెంట్ కుర్రాడు అంతకు నాలుగు నెలల ముందే చూపించాడు. అప్పుడు బూట్, గ్రీజు, లేబర్ కలిపి 900 అయ్యేది. వినలేదు. దుమ్ము దూరి జాయింట్ తిన్నాక 6,500 అయింది. ఏ వైపుదో తెలియకపోతే అద్దాలు దించి గోడ పక్కగా నెమ్మదిగా, స్టీరింగ్ తిప్పుతూ పోయి చూడండి. గోడకు తగిలి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

ఇప్పుడు ఏ షెడ్డుకి పోయినా నేను ముందు చూసేది ఒకటే: చప్పుడు తను విన్నాకే పార్టు పేరు చెబుతాడా, లేదా? విప్పిన పాత పార్టు అడిగి డిక్కీలో వేసుకుంటాను. అడిగితే చికాకు పడేవాడి దగ్గరికి రెండోసారి పోను. దూరం ఎక్కువే, గుంటూరు నుంచి ఆటోనగర్‌కి పోయి రావడానికి సగం రోజు పోతుంది. ఆయన దగ్గర ఏసీ గది లేదు, బిల్లు చీటీ ముక్క మీద రాస్తాడు, చెప్పిన టైముకి ఎప్పుడూ ఇవ్వడు. ఇన్ని ఉన్నా ర్యాక్‌కి 41 వేలు మిగిలాయి కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఆ పాత ర్యాకే ఇప్పటికీ నడుస్తోంది.

పోయిన వారం అలైన్‌మెంట్‌కి ఎక్కించినప్పుడు ఎడమ వైపు బూట్ మీద కూడా సన్నటి పగుళ్లు కనిపించాయి. గ్రీజు ఇంకా బయటికి రాలేదు. ఆదివారం బాబాయ్ షెడ్డు మూసి ఉంటుంది, సోమవారం సెలవు పెట్టాను.