బరంపురంలో ఒక అప్పడాల దుకాణం

మా వీధి చివర ఉన్న ఈ చిన్న దుకాణాన్ని గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ముద్రా పథకంలోని శిశు విభాగం కింద, అంటే తాకట్టు లేకుండా 50,000 రూపాయల వరకు దొరికే అప్పుతో దీన్ని మొదలుపెట్టిన అక్క, మినప్పిండిలో ఇంగువ, మిరియాలు కలిపి స్వయంగా ఒత్తే అప్పడం నూనెలో వేయగానే సమంగా పొంగుతుంది. ఉప్పు మాత్రం పిసరంత ఎక్కువ. వానాకాలంలో ఎండ చాలక, ఒత్తినవన్నీ బూజు పట్టి రెండేళ్లు వరుసగా నష్టపోయినా, పాత సరుకును తాజాదని చెప్పి అమ్మని ఆమె నిజాయితీ నాకు అన్నిటికంటే నచ్చింది. పొట్లాలపై తయారైన తేదీ ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటుంది. ఒడియా చదవడం రాని మా అమ్మకు ఇది ఎంతో మేలు. శ్రావణంలో వెళ్లేవారు ముందుగానే చెప్పి ఉంచాలి.