గ్రూప్ టూర్ తీసుకునే ముందు రాత్రులు, గంటలు లెక్కపెట్టండి

ఇటలీ బస్సు టూర్ ప్యాకేజీలో ‘వెనిస్‌లో రెండు రాత్రులు’ అని ఉంటే, ఆ రెండు రాత్రులూ ఎక్కడ పడుకుంటామో అడగండి. చాలా గ్రూపులకు బస మెస్త్రేలో. పేరుకు అది కూడా వెనిస్ నగరంలో భాగమే. కానీ కాలవల మధ్య ఉండదు, వంతెనకు ఇవతల నేల మీద ఉన్న మామూలు పట్టణం. మేం దిగింది కూడా అక్కడే. గది విశాలంగా ఉంది, లిఫ్టు ఉంది, సామాను మోసే పని లేకుండా బస్సు గుమ్మం దాకా వచ్చింది. పొద్దున బస్సు మమ్మల్ని ట్రొంకెట్టో రేవులో దించితే, అక్కడి నుంచి పడవలో సాన్ మార్కో చేరాం. ఒక్కటే లోటు. పగలు వచ్చిన జనమంతా తిరుగుముఖం పట్టి, సందులు కాస్త ఊపిరి పీల్చుకునే వేళకు మేమూ పడవెక్కాల్సి వచ్చింది.

మా గ్రూపులో కొందరు వెనిస్ కోసమే అంత దూరం వచ్చారు. వాళ్లకు అది పెద్ద నష్టం. రోమ్ చూడాలని వచ్చిన మాలాంటి వాళ్లకు మాత్రం డబ్బు మిగిల్చిన మంచి ఏర్పాటు.

అందుకే నేను టూర్ వెతకడం ధర దగ్గర మొదలుపెట్టను. ఏది చూడకపోతే ఈ ప్రయాణం వృథా అనిపిస్తుందో ముందు తేల్చుకుంటాను. ఆ తర్వాత ఒక్కో ప్యాకేజీలో దానికి ఎన్ని గంటలు కేటాయించారో చూస్తాను. ఎన్ని ఊళ్లు, ఎన్ని దేశాలు అన్నది నన్ను ఏమాత్రం కదిలించదు. కొలోసియం పక్కన ‘బయటి నుంచి’ అని చిన్న అక్షరాల్లో ఉంటే, టికెట్ ఇందులో లేదన్నమాట. వారాలు కూడా సరిచూసుకోవాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, దగ్గర్లోని వెర్సాయ్ ప్యాలెస్‌కు సోమవారం. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. మీ గ్రూపు సరిగ్గా ఆ రోజే ఆ ఊళ్లో ఉంటే, ఎంత గొప్ప గైడ్ అయినా చేసేదేమీ లేదు.

బస్సులో గడిచే కాలం ఇంకో లెక్క. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం డ్రైవర్ రోజుకు 9 గంటలు నడపవచ్చు, వారంలో రెండుసార్లు 10 దాకా. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఇది మన భద్రత కోసమే, నాకు పూర్తిగా సమ్మతమే. అయితే ఒక రోజులో ఆరేడు గంటల రోడ్డు ప్రయాణం పెట్టి, అదే రోజు రెండు ఊళ్లు చూపిస్తామంటే నమ్మకండి. నలభై మందికి పైగా ఉన్న బస్సు ఆగిన ప్రతిచోటా, అందరూ దిగి మళ్లీ ఎక్కేసరికి అరగంట కరిగిపోతుంది.

పెరూ వెళ్లినప్పుడు చిన్న గ్రూపు ఎంచుకున్నాం. రోజు లెక్కన చూస్తే ఖర్చు బాగా ఎక్కువ, హోటళ్లు మాత్రం ఇటలీలో కంటే సాదా. అయినా ఆ డబ్బు ఎక్కడికి పోయిందో కళ్లకు కనిపించింది. కుస్కో నగరం సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అందరూ చూడాలని వెళ్లే పురాతన నగర శిథిలాలు మచు పిచ్చు దానికంటే కిందే, 2,430 మీటర్ల దగ్గర. విమానం దిగగానే కుస్కోలో పడుకోబెట్టకుండా, మమ్మల్ని నేరుగా కిందనున్న ఉరుబంబ లోయకు తీసుకెళ్లారు. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడ్డాక, చివర్లో కుస్కో చూపించారు. మొదటి నుంచి చివరి దాకా ఒకరే గైడ్, ఎవరికి ఆయాసం వస్తోందో ఆయనకు తెలుసు. ఇలాంటి జాగ్రత్తకు ఎక్కువ చెల్లించడం నాకు న్యాయంగానే అనిపించింది. అదే ఊళ్లు తలకిందుల వరుసలో ఉన్న చవక ప్యాకేజీలు చూశాను. పెద్దవాళ్లతో వెళ్తుంటే వాటి జోలికి పోవద్దనే చెప్తాను. ‘ఇంకా ట్రెయిల్’ అనే పాత కొండదారిలో మచు పిచ్చుకు నడిచి వెళ్లాలనుకునే వాళ్లకు ఇంకో మాట: గైడ్లు, కూలీలతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి, ఫిబ్రవరిలో దారి మూసేస్తారు. పర్మిట్ మీ పేరు మీద వచ్చాకే మిగతా డబ్బు కట్టండి.

సఫారీ టూర్లయితే గ్రూపులో ఎంతమంది అనే ప్రశ్న చాలదు. ఒక్కో వాహనంలో ఎంతమంది, అందరికీ కిటికీ సీటు ఉందా అని అడగాలి.

రెండు ప్యాకేజీల ధరలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు, రెండింటినీ ఒక స్థాయికి తేవాలి. ప్రవేశ టికెట్లు, మధ్యాహ్న భోజనాలు, టిప్పులు, హోటల్ దగ్గర కట్టే సిటీ టాక్స్, గొండోలా పడవ షికారు లాంటి ఆప్షనల్ టూర్లు చవక ప్యాకేజీకి కలిపి చూస్తే, తేడా చాలాసార్లు సగానికి పడిపోతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు సింగిల్ సప్లిమెంట్, అంటే గది ఒక్కరే వాడుకున్నందుకు కట్టే డబ్బు, అదనం. ఇంకొకరితో గది పంచుకోవడానికి సిద్ధమైతే కొన్ని సంస్థలు దాన్ని వదిలేస్తాయి. తోడు దొరక్కపోతే ఆ అదనం ఎవరు భరిస్తారో ముందే రాతలో తీసుకోండి.

విమానం టికెట్లు విడిగా కొనేవాళ్లు ‘కనీసం ఇంతమంది ఉంటేనే టూర్’ అన్న షరతును తప్పక చదవాలి. యూరోపియన్ యూనియన్ ప్యాకేజీ చట్టం ప్రకారం, ఆరు రోజులకు మించిన టూర్‌ను జనం చాలలేదని 20 రోజుల ముందు దాకా రద్దు చేసే వీలు నిర్వాహకులకు ఉంది. టూర్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది, నష్టపరిహారం మాత్రం ఉండదు. మీరు కొనుక్కున్న విమానం టికెట్టు ఖర్చు మీదే. బయల్దేరడం ఖాయమని సంస్థ నుంచి ఉత్తరం చేతికి వచ్చాకే దాన్ని కొనండి.